పెళ్లికి దారి చెప్పే మనిషి

ఆ సోమవారం పొద్దున్న నెత్తి మీద ఒక్క మబ్బు లేదు. సముద్రం మీద మాత్రం, రేవుకి అవతల, బూడిద రంగు చారిక ఒకటి అడ్డంగా పడి ఉంది. వానొచ్చే మబ్బు కాదది. ఎండ ముదిరేకొద్దీ పైకి లేచి, ఊరిని మూతేసిన గిన్నెలా ఉడకబెట్టే ఆవిరి. ఆ చారిక కనపడిందంటే మధ్యాహ్నానికి కరెంటు కూడా పోతుందని కొత్తరేవులో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

రమేష్ బాబు డాబా మీద ట్యాంకు మూత తీసి నీళ్లలో చెయ్యి పెట్టి చూశాడు. రాత్రి ఎక్కించిన నీళ్లు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి. చెయ్యి లుంగీకి తుడుచుకుంటుంటే చొక్కా జేబులో ఫోను మోగింది.

“హలో, పెళ్లి ఎంక్వైరీనా?” అందో ఆడగొంతు.

“చెప్పండమ్మా.”

ఆవిడ హైదరాబాదు నించి. సామర్లకోటలో దిగితే మంచిదా, తునిలోనా అని అడిగింది. తునిలో దిగండి, స్టేషను బయట పెళ్లివారి వ్యాను ఉంటుంది అని చెప్పాడు. అంతా విని, మరి అన్నవరంలో దిగితేనో అంది. మీ బండి అక్కడ ఆగదండి అన్నాడు. ఆగితే సత్యనారాయణస్వామి దర్శనం కూడా అయిపోయేది కదా అని, ఆగకపోవడం రమేష్ బాబు తప్పయినట్టు ఫోను పెట్టేసింది.

వారం నించీ ఇదే వరస. పక్కింటి చంద్రరావు కూతురు సాయిసుధ పెళ్లి గురువారం. చంద్రరావుకి బజారులో హోల్‌సేలు కిరాణా కొట్టు. బేరం మధ్యలో ఫోనెత్తడం కుదరదు. మండలాఫీసులో రిటైరైన రమేష్ బాబుకయితే వచ్చేవాళ్లకి ఓపిగ్గా చెప్పడం అలవాటు కదా అని, ఆయన నంబరే ఇచ్చేశాడు. సరేనని రమేష్ బాబు ఒక సాయంత్రమంతా కూర్చుని, ఒంటివేలితో ఫోనులో కొట్టి ఒక మెసేజీ తయారుచేశాడు. అది ఇప్పుడు రెండు వైపుల చుట్టాల ఫోనుల్లోనూ ఉంది.

‘పెళ్లికి విచ్చేయు బంధుమిత్రులకు మనవి. రైలులో వచ్చువారు తునిలో దిగవలెను. ఇచ్చట ఎండ, ఉక్క రెండునూ ఎక్కువ. నూలుబట్టలు తెచ్చుకొనవలెను. పట్టుబట్టలు ముహూర్తము వేళకు చాలును. సముద్రస్నానము ఎండ ఎక్కకముందే ముగించవలెను. రేవుకు దక్షిణమున దిగరాదు, అచ్చట నీరు లోపలికి లాగును. మధ్యాహ్నము కరెంటు పోవును గావున ఫోనులు ఉదయమే చార్జి చేసుకొనవలెను. వృద్ధులు తమ మందులు తామే తెచ్చుకొనవలెను. కల్యాణమండపము: కన్యకాపరమేశ్వరి సత్రము, చర్చి దాటిన తరువాత ఎడమచేతి వైపు. ఇతర వివరములకు: రమేష్ బాబు.’

ఆ ఆఖరి వాక్యం తప్ప మిగతాది ఎవరూ చదవలేదని వారంలో తెలిసిపోయింది. సముద్రం ఊళ్లోంచి కనపడుతుందా అని ఒకరు. ఇసకలో చెప్పులు పోతే దొరుకుతాయా అని ఒకరు. బన్నీ అనే కుర్రాడు, పెళ్లికొడుకు పృథ్వీకి స్నేహితుడట, అలలు పొద్దున్న బాగుంటాయా సాయంత్రమా అని అడిగి, మీరు ఎప్పుడు వెళ్తారంకుల్ అన్నాడు. రమేష్ బాబు సముద్రం దగ్గరికి వెళ్లి ఏడాది దాటింది.

ఆయన మెట్లు దిగి వచ్చేసరికి వీధిలో ఆడవాళ్ల మాటలు వినపడ్డాయి. చంద్రరావు భార్య సత్యవాణి, ఆవిడ తోటికోడలు సాయిదుర్గ, ఇంకో ఇద్దరూ పిలుపులకి బయల్దేరారు. సాయిదుర్గ చేతిలో వెండి పళ్లెం, అందులో కుంకుమ భరిణె, అక్షింతలు. ఇంటింటి గుమ్మంలోనూ ఆగుతున్నారు. సత్యవాణి ఇంటావిడకి బొట్టు పెట్టి, గురువారం పొద్దున్న పెళ్లి, భోజనానికి ఇంటిల్లిపాదీ రావాలి అని చెబుతోంది. ఆ మాట గుమ్మంలో పడితేనే పిలిచినట్టు. ఫోనులో ఎన్ని మెసేజీలు వచ్చినా, గుమ్మంలోకి వచ్చి చెప్పకపోతే ఆ వీధిలో ఎవరూ విస్తరి ముందు కూర్చోరు.

రమేష్ బాబు భార్య హెలెన్ అప్పటికే తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని అరుగు మీద నిలబడి ఉంది. తను పాఠాలు చెప్పే బడికి సెలవులు గనక ఆ వేళప్పుడు ఆవిడ నైటీలో ఉండాలి. రమేష్ బాబు లుంగీ విప్పి పంచె కట్టుకుందామా అనుకున్నాడు గానీ వాళ్లు గేటు దగ్గరికి వచ్చేశారు.

“ఎండ చూశారా హెలెన్ గారూ, ప్రాణాలు పోతున్నాయి. కాసిని మంచినీళ్లిద్దురూ,” అంది సత్యవాణి.

హెలెన్ కుండలో నీళ్లు తెచ్చి గ్లాసుల్లో పోసి ఇచ్చింది. నలుగురూ తాగారు. సాయిదుర్గ పళ్లెం అరుగు మీద పెట్టి, పైట చెంగుతో మెడ తుడుచుకుని, సత్యవాణి చెవిలో ఏదో అంది. సత్యవాణి అవునన్నట్టు తలూపింది. గ్లాసు హెలెన్ చేతికిస్తూ, పని అయ్యాక తీరిగ్గా కూర్చుందాం అని నవ్వింది. పళ్లెం తీసుకుని ఎదురింటికి దాటారు. ఎదురింటి గుమ్మంలో సత్యవాణి గొంతు మళ్లీ స్పష్టంగా వినపడింది. ఇంటిల్లిపాదీ రావాలి.

హెలెన్ గ్లాసులు లోపలికి తీసుకెళ్లి కడిగి ఒక్కొక్కటే బోర్లించింది.

“మనకి చెప్పలేదండి.”

“చెబుతార్లే. పక్కిల్లే కదా, ఆఖర్న చెబుతారు.”

“ఎదురింటికి చెప్పారు. వెనకింటికీ చెప్పొచ్చారు. ఆఖరిల్లు ఇంకెక్కడుందండీ?”

రమేష్ బాబు జవాబు చెప్పేలోగా ఫోను మోగింది. ఒకాయన, మండపంలో భోజనాలు బల్లల మీదా నేల మీదా అని. మోకాళ్ల నొప్పులట.

మర్నాడు సాయంత్రం చంద్రరావే వచ్చాడు. భుజానికి గుడ్డసంచీ. సంచీలోంచి పసుపు రాసిన శుభలేఖల అంచులు బయటికి కనపడుతున్నాయి. రమేష్ బాబు గబగబా లేచి కుర్చీ మీది పేపరు తీసేశాడు. వంటింట్లో తిరుగుతున్న మిక్సీ ఆగిపోయింది.

చంద్రరావు కూర్చుని, చొక్కా పై బొత్తాం తీసి ఊదుకున్నాడు. సంచీలో చెయ్యి పెట్టి వెతికాడు. వేళ్లు శుభలేఖల మధ్య నించి వెళ్లి అడుగుదాకా దిగాయి. అడుగునించి ఒక తాళాల గుత్తి తీసి, ఇది కాదు అని మళ్లీ లోపల వేశాడు.

“చిన్న సాయం రమేష్ బాబు గారూ. పెళ్లికొడుకు మేనత్తగారూ, వాళ్లాయనా రేపు దిగుతున్నారు. ఆయనకి షుగరు, ఎండ పడదు. సత్రంలో ఏసీ గదులు అయిపోయాయి. మీ పైవాటా ఖాళీయే కదా...”

బ్యాంకు ఉద్యోగి ఖాళీ చేసిన పైవాటా. రమేష్ బాబు సంచీ వైపు చూడకుండా, దానికేమండీ, దించండి అన్నాడు. హెలెన్ గుమ్మంలోకి వచ్చి, పొద్దున్నే పరుపులు ఎండలో వేయిస్తాను అంది. ఆవిడ చేతులకి కొబ్బరి పచ్చడి అంటుకుని ఉంది. కడుక్కోకుండానే వచ్చింది.

“మీరుండబట్టి నాకు బెంగ లేదు,” అని చంద్రరావు రమేష్ బాబు చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. వారం నించీ నిద్ర లేని కళ్లు. ఐసు దిమ్మల గురించి, వంటవాళ్లు అడిగిన గ్యాసు బండల గురించి రెండు మాటలు చెప్పి, సంచీ భుజానికి సర్దుకుని, బజారులో వాళ్లకి చెప్పుకురావాలి అంటూ వెళ్లిపోయాడు.

గేటు గడియ పడ్డ చప్పుడు వినపడేదాకా హెలెన్ కదల్లేదు.

“అడక్కపోయారా?”

“ఏమని అడగను? మా కార్డేదీ అనా?”

“నేను కొత్త చీరకి ఫాల్స్ కుట్టించుకున్నాను.” ఆవిడ గొంతులో కోపం లేదు. కూరలో ఉప్పు సరిపోయిందా లేదా చెప్పినట్టు చెప్పింది. “ఒక మాట చెబుతాను వినండి. ఒప్పుకున్న పని మానెయ్యొద్దు. పరుపులు వేద్దాం, దారి చెబుదాం. కానీ ఎల్లుండి లోపల గుమ్మంలోకి వచ్చి ఒక్క మాట చెబితేనే పెళ్లికి వెళ్దాం. చెప్పకపోతే వెళ్లొద్దు.”

“సాయిసుధ మన చేతిలో పెరిగిన పిల్ల.”

“అందుకే చెబుతున్నాను.”

ఆ పూట వచ్చిన ఫోనులకి రమేష్ బాబు కొంచెం కటువుగానే జవాబిచ్చాడు. దోమలుంటాయా అని అడిగినావిడతో, ఉంటాయండి, అవి ఊళ్లోవే అన్నాడు.

బుధవారం ఎండ నడినెత్తికి రాకముందే వ్యాను వచ్చింది. మేనత్తగారి భర్త రాజమౌళి గారు ముందు దిగి, చేతిరుమాలు తల మీద వేసుకుని, ఇంటిని కిందనించి పైకి చూశారు. లోవమ్మ గారు వెనక నించి మెల్లిగా దిగి, హెలెన్ చెయ్యి పట్టుకుని మెట్లెక్కారు. రమేష్ బాబు రెండు పెట్టెలూ, ఒక మరచెంబూ, తలగడలాంటి పెద్ద సంచీ మోసుకుంటూ వెనకాల ఎక్కాడు. ఊపిరి తీసుకుని కిందకి దిగేసరికి ఫోను. పైనించే.

“రాజమౌళినండి. చన్నీళ్ల కుళాయి ఏదండీ?”

“రెండూ చన్నీళ్లవేనండి.”

“ఇందులో వేడినీళ్లొస్తున్నాయి.”

“అవే చన్నీళ్లండి. ట్యాంకు డాబా మీదుంది.”

షుగరు మనిషినండీ, కాళ్లు బొబ్బలెక్కుతాయి అన్నారు. రమేష్ బాబు పెరట్లో బోరు కొట్టి బకెట్టు నింపి పైకి మోశాడు. దిగాడు. ఇంకో బకెట్టు అన్నారు. మోశాడు. కరెంటు పోయింది. ఎప్పుడొస్తుందండీ అని పైనించి ఫోను. చెప్పి వెళ్లలేదండి అన్నాడు. వచ్చింది. ఏసీ గుర్రుమంటోందండీ అని ఫోను. అది మొదట్నించీ అంతేనండి, చల్లగా వస్తోందా అన్నాడు. చల్లగానే వస్తోందిగానీ చప్పుడుకి నిద్ర రావటం లేదన్నారు. ఆపేస్తే ఉక్క. రమేష్ బాబు పైకి వెళ్లి, ఏసీ పెట్టెకీ కిటికీకీ మధ్య పాత చెప్పు ముక్క ఒకటి దూర్చాడు. చప్పుడు సగం తగ్గింది. మీరు బలే గట్టివారండీ అన్నారు రాజమౌళి గారు, పడుకునే.

కిందకి వస్తుంటే మెట్ల మీదే మళ్లీ మోగింది. ఈసారి విజయవాడ నించి ఎవరో పెద్దాయన. కారులో వస్తున్నారు. తుని దగ్గర హైవే మీంచి ఎటు దిగాలో, దారిలో మజ్జిగ ఎక్కడ బాగుంటుందో, టైరు గాలి పెట్టేచోటు ఉందో లేదో అన్నీ అడిగాడు. రమేష్ బాబు మెట్టు మీద కూర్చుని, వేలితో గాలిలో మలుపులు గీస్తూ చెప్పాడు. పెద్దాయనకి తృప్తి కలిగింది.

“ఎంత వివరంగా చెప్పారండీ. ఇంతకీ మీరు పెళ్లివారికి ఏమవుతారు?”

రమేష్ బాబు మెట్టు మీద రాలిన వేపపూత వేలితో పక్కకి నెట్టాడు.

“పక్కింటివాళ్లం.”

“అలాగా. రేపు మండపంలో కలుద్దామండి, మీ చేత్తో మంచినీళ్లు తాగాలి.”

“రండి, జాగ్రత్తగా రండి,” అన్నాడు రమేష్ బాబు.

పక్కింటి ముందు పందిట్లో పెళ్లికూతుర్ని చేస్తున్నారు. పిల్ల తల మీద నూనె పెట్టే పాట, నలుగు వాసన గోడ దాటి వస్తున్నాయి. చంద్రరావు రెండుసార్లు గోడ మీంచి కేకేశాడు. ఒకసారి నిచ్చెన కావాలని. ఇంకోసారి రాజమౌళి గారు భోంచేశారా అని. రెండుసార్లూ రమేష్ బాబు గబుక్కున లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. రెండుసార్లూ హెలెన్ బియ్యం చేటలోంచి తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది. సత్యవాణి అయితే ఒక మనిషి చేత బూరెలు పంపింది, పైవాటా వాళ్లకి. పళ్లెంలో కింద వాళ్లకి కూడా నాలుగు ఉన్నాయి. హెలెన్ వాటిని కూడా పైకే పంపేసింది.

పొద్దు వాలాక లోవమ్మ గారు కిందకి వచ్చి హెలెన్ పక్కన మెట్టు మీద కూర్చున్నారు. సముద్రం గాలి తిరిగింది. తన మేనల్లుడు పృథ్వీ చిన్నప్పుడు ఎంత మొండివాడో చెప్పి నవ్వారు. రేపు మీరే చీర కడతారమ్మా అని అడిగారు. చూడాలండి అంది హెలెన్. చూడాలంటే ఎలా, తెల్లారితే పెళ్లి అన్నారావిడ. హెలెన్ లేచి, మీ ఆయనకి ఇడ్లీ వేసెయ్యనా, వేళకి తినాలి కదా అని లోపలికి వెళ్లింది.

గురువారం పొద్దున్న రాజమౌళి గారు పట్టుపంచెలో మెట్లు దిగి, కారు తలుపు పట్టుకుని నిలబడ్డారు. రమేష్ బాబు బనీనుతో అరుగు మీద పేపరు చూస్తున్నాడు.

“ఇంకా తయారవలేదేంటండీ? కారులో చోటుంది, ఇద్దరూ రండి.”

“మీరు పదండి. మేం వెనకాల వస్తాం.”

కారు వెళ్లాక హెలెన్ అరుగు మీదకి వచ్చింది. “అబద్ధం ఎందుకాడారు?” అంది. రమేష్ బాబు పేపరు తిరగేశాడు. ఒకవైపు చదవడం అయిపోయినందుకు కాదు.

పక్కింట్లోంచి ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆఖరికి చంద్రరావు తాళం వేస్తూ కనపడ్డాడు. తాళం రెండుసార్లు లాగి చూసి, గోడ మీంచి అరుగు వైపు చెయ్యి ఊపి, “మీరు కాస్త ఫోను చూస్తూ ఉండండి, దారి తెలీనివాళ్లు ఇంకా వస్తున్నారు,” అని బండెక్కి వెళ్లిపోయాడు. రమేష్ బాబు ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది.

వీధిలో ఇంకెవరూ లేరు. ఎదురిల్లు తాళం, వెనకిల్లు తాళం. సత్రం మైకులోంచి సన్నాయి వినపడుతోంది. గాలి అటు తిరిగినప్పుడు మంత్రాలు కూడా. ఫోను ఒకటే మోత.

చర్చి దాటాం, ఎటు తిరగాలి అని ఒకరు. ఎడమచేతి వైపండి, అరటిబోదెలు కనపడతాయి. కారు ఎక్కడ పెట్టుకోవాలి అని ఒకరు. సత్రం వెనక చేపలు ఎండబెట్టే మైదానం ఉందండి, వేట లేని రోజులు గనక ఖాళీయే. మీరు గేటు దగ్గర ఉంటారా, మిమ్మల్ని గుర్తుపట్టడం ఎలా అని మరొకరు.

“నేను గేటు దగ్గర ఉండనండి.”

“మరి లోపలుంటారా?”

“మీరు లోపలికి వెళ్లండి. అక్కడ అందరూ ఉంటారు.”

గట్టిమేళం మోగింది. ఒక్కసారిగా సన్నాయీ డోలూ కలిసి ఎత్తుకున్నాయి. హెలెన్ బీరువా ముందు నిలబడి, కొత్త చీర మడత మీద మడత వేసి అట్టపెట్టెలో పెడుతోంది. చేతులు ఆగాయి. కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. మేళం సద్దుమణిగాక కళ్లు తెరిచి, “పిల్ల మెళ్లో సూత్రం పడింది,” అని పెట్టె మూత పెట్టింది.

కాసేపటికి ఎవరో ఆవిడ ఫోను చేసి, భోజనాలు మొదలయ్యాయా అండీ, మొదటి బంతికి అందుతామా అని అడిగింది. మొదలయ్యే వేళేనండి, తిన్నగా వెళ్లి కూర్చోండి అన్నాడు రమేష్ బాబు. మెనూలో పనసపొట్టు కూర ఉందా అంది. ఉందండి. బొబ్బట్లా, పూర్ణాలా? పూర్ణాలండి. నేతివేనా? నేతివేనండి. అన్నీ ఆయనకి తెలుసు. వంటవాడితో మాట్లాడినప్పుడు పక్కనే కూర్చోబెట్టుకున్నాడు చంద్రరావు.

“ఉల్లిపాయ పులుసు పెట్టాను. తినండి,” అంది హెలెన్.

“ఆకల్లేదు.”

ఆయన అరుగు మీద కూర్చుని, చంద్రరావుతో ఏమనాలో ఒక్కొక్క మాటే పేర్చుకున్నాడు. మా ఇల్లు పనికొచ్చింది. మా మంచాలు పనికొచ్చాయి. నా ఫోను, నా గొంతు పనికొచ్చాయి. మేం మాత్రం పనికిరాలేదు. మేం ప్రార్థన చేసుకునేవాళ్లమనా? చర్చి దాటిన తరువాత అని నేనే రాశాను కదండీ దారి, ఆ చర్చి దారి చూపించడానికి పనికొచ్చిందిగా. ఆ ఆఖరి మాట బాగా కుదిరిందనిపించింది. దాన్ని ఇంకో రెండుసార్లు లోపల్లోపల అనుకున్నాడు. సాయంత్రం అప్పగింతలయ్యి, పెళ్లికూతురు కారు వీధి చివర తిరిగిందాకా అరుగు మీదే ఉన్నాడు. కారు అద్దంలోంచి సాయిసుధ ఇటు చూసినట్టే అనిపించింది. చెయ్యెత్తేలోగా దుమ్ము అడ్డం వచ్చింది.

శుక్రవారం పొద్దున్నే రాజమౌళి దంపతులు బయల్దేరారు. నిన్న మీరెక్కడా కనపడలేదేంటండీ, పందిరంతా వెతికాను అన్నారాయన. జనంలో కలిసిపోయి ఉంటామండి అన్నాడు రమేష్ బాబు. లోవమ్మ గారు మాత్రం ఏమీ అడగలేదు. హెలెన్ రెండు చేతులూ పట్టుకుని కాసేపు నిలబడి, వ్యానెక్కారు.

హెలెన్ పైవాటా దుప్పట్లు తీసి, నానబెట్టి, ఉతికి ఆరేసింది. తరవాత గొడుగు తీసుకుని బజారుకెళ్లింది. వచ్చేసరికి సంచీలో లేత వంకాయలు, మామిడికాయలు, అప్పడాల కట్ట. చంకలో చుట్టిన అరిటాకులు.

“ఆకులెందుకు?”

“భోజనానికి పిలుద్దాం. చంద్రరావు గారిని, సత్యవాణి గారిని.”

రమేష్ బాబు చెప్పులు వేసుకోబోతున్నవాడు ఆగిపోయాడు. ఆయన బయల్దేరింది కూడా పక్కింటికే, పేర్చిపెట్టుకున్న మాటలతో.

“నీకు మతి పోయిందా? వాళ్లని మనం పిలవడమేంటి? వాళ్లు మనింట్లో ఎప్పుడైనా ఒక మెతుకు ముట్టారా?”

అది నిజమే. మంచినీళ్లు తాగేవారు. కాఫీ తాగేవారు. క్రిస్మస్‌కి పంపిన పళ్లు తీసుకునేవారు. అన్నం మాత్రం తినలేదు. వద్దని వాళ్లూ అనలేదు, తినమని వీళ్లూ అనలేదు. ఒకే గోడకి అటూ ఇటూ ఇన్నేళ్లూ అది అలా జరిగిపోయింది.

“మనమూ పిలవలేదు కదండీ,” అంది హెలెన్ వంకాయలు నీళ్లలో వేస్తూ. “గుత్తి వంకాయలో ఉల్లి వెల్లుల్లి వెయ్యను. వాళ్లు శుక్రవారం తినరు. మీరు చొక్కా మార్చుకోండి. ఇద్దరం వెళ్లి చెప్పాలి.”

“రాకపోతే?”

హెలెన్ కత్తిపీట ముందుకి లాక్కుంది.

వంట సగం అయ్యాక ఇద్దరూ వెళ్లారు. పక్కింటి ముందు పందిరి విప్పుతున్నారు. తాటాకులు ఒక పక్క, రాటలు ఒక పక్క. చంద్రరావు వరండాలో బల్ల మీద వాచిన కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. సత్యవాణి గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని, మిగిలిన తమలపాకులు తడిగుడ్డలో చుడుతోంది. ఆవిడ గొంతు దాదాపు పోయింది. పాదాలకి పసుపు ఇంకా అలాగే ఉంది.

“రండి రండి,” అంది బొంగురుగా. “నిన్న మీరు కనపడనేలేదు. వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ చూసుకుంటున్నారేమో అనుకున్నాను. తిన్నారో లేదో కూడా చూళ్లేకపోయాను.”

హెలెన్ గుమ్మం ఇవతలే నిలబడింది. చెప్పులు విప్పి, పైట భుజం మీదకి సర్దుకుని, రెండు చేతులూ కలిపింది. బడిలో పిల్లలకి పాఠం చెప్పే గొంతుతో, ఒక్కొక్క మాటా విడిగా చెప్పింది.

“చంద్రరావు గారూ, సత్యవాణి గారూ. ఈ పూట మా ఇంట్లో భోజనం. మీరిద్దరూ తప్పకుండా రావాలి.”

సత్యవాణి నవ్వింది. “ఇదేంటండీ, పక్కింటికి కూడా పిలుపులా? గోడ మీంచి కేకేస్తే రామా?”

“గోడ మీంచి చెబితే బావుండదండి. గుమ్మంలోకి వచ్చి చెప్పాలి కదా.”

సత్యవాణి నవ్వు మొహం మీదే ఉంది కాసేపు. అప్పుడు చుడుతున్న చేతులు ఆగాయి. హెలెన్ మొహం చూసింది. హెలెన్ నుదురు చూసింది. మెల్లిగా భర్త వైపు తిరిగింది.

“మీరు వీళ్లకి కార్డు ఇచ్చారా?”

“నేనేంటి?” చంద్రరావు కాళ్లు కిందకి దించాడు. “వీధిలో పిలుపులు మీ ఆడవాళ్లవే కదా. నువ్వు చెప్పావనుకున్నాను.”

“వాళ్లు బొట్టు పెట్టించుకోరు, పళ్లెం పట్టుకెళ్తే బావుండదేమో, మగాళ్లు కార్డిచ్చి చెబుతార్లే అంది సాయిదుర్గ. నేనూ అంతే అనుకున్నా...” ఒళ్లోంచి తమలపాకులు జారి నేల మీద పరుచుకున్నాయి. “నీళ్లు తాగాం, వాళ్ల గుమ్మంలో నిలబడి. నీళ్లు తాగి వచ్చేశాం.”

పందిరి విప్పుతున్నవాళ్లు తాడు కోసి రాటను కింద పడేశారు. దుమ్ము లేచింది. చంద్రరావు లేచి నిలబడ్డాడు.

“రమేష్ బాబు గారూ,” అన్నాడు. చేతులు పట్టుకోవడానికి ముందుకొచ్చి, మధ్యలోనే ఆగి, ఆ చేతులతో ఏం చెయ్యాలో తెలీక పంచె సర్దుకున్నాడు.

రమేష్ బాబు పేర్చుకొచ్చిన మాటలన్నీ వరసగా నోటి దాకా వచ్చాయి. చర్చి గురించి బాగా కుదిరిన మాట కూడా. ఎదుట మనిషి కళ్ల కింద నల్లటి గుంటలు, గడ్డం మీద రెండు రోజుల నెరుపు.

“వంట అయిపోవచ్చింది. ఎండ ముదరకుండా వచ్చెయ్యండి,” అన్నాడు రమేష్ బాబు.

ఇంటికి వచ్చి ఆయన ముందుగది తుడిచాడు. కుర్చీలు వరండాలోకి పెట్టేశాడు. నాలుగు పీటలు వేసి, ఆకులు నీళ్లు చల్లి తుడిచి పరిచాడు. హెలెన్ అప్పడాలు వేయించింది. గడియారం చూడలేదు గానీ ఇద్దరి చెవులూ గేటు మీదే ఉన్నాయి. ఫోను మోగింది. రాజమౌళి గారు, రైల్లోంచి, చార్జరు మర్చిపోయారట. ఉంటే పంపిస్తానండి అని పెట్టేశాడు.

పప్పు చల్లారింది. హెలెన్ మళ్లీ వెచ్చబెట్టింది. అప్పడాల మీద మూత పెట్టింది. వాళ్లకి మనింటి అన్నం సహించదేమో, మనం తినేద్దామా అన్నాడు రమేష్ బాబు. హెలెన్ పొయ్యి దగ్గర నించి కదల్లేదు.

గేటు గడియ చప్పుడయింది.

ఇద్దరూ స్నానం చేసి వచ్చారు. చంద్రరావు ఉతికిన పంచె కట్టుకుని, నుదుట విభూతి పెట్టుకున్నాడు. సత్యవాణి పెళ్లిలో కట్టిన చీరే కట్టుకుంది. తెలిసిన ఇల్లే అయినా మెట్ల దగ్గర ఆగిపోయారు. రమేష్ బాబు చెంబుతో నీళ్లిచ్చాడు. కాళ్లు కడుక్కుని, లోపలికి వచ్చి, చూపించిన చోట కూర్చున్నారు.

హెలెన్ వడ్డించింది. మామిడికాయ పప్పు, గుత్తి వంకాయ, చారు, అప్పడాలు. చంద్రరావు పప్పు కలిపి ముద్ద ఎత్తాడు. ఎదురుగా రమేష్ బాబు తల వంచి, కళ్లు మూసుకోవడం చూసి, ముద్ద తిరిగి ఆకులో పెట్టాడు. సత్యవాణి కూడా చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. రమేష్ బాబు పెదవులు కదుపుతున్నంతసేపూ వాళ్లిద్దరూ ఆకుల వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన కళ్లు తెరిచాక మళ్లీ ముద్ద ఎత్తారు.

హెలెన్ కూడా ఆకు వేసుకుని సత్యవాణి పక్కన కూర్చుంది. సత్యవాణి తలెత్తకుండా తింటోంది. మధ్యలో ఒకసారి ముంజేత్తో కళ్లు ఒత్తుకుంది. పప్పన్నం అయిపోయాక హెలెన్ గిన్నె ముందుకి జరిపి గరిటె ఎత్తింది. చాలనడానికి సత్యవాణి చెయ్యి ఆకు మీద అడ్డం పెట్టలేదు. ఆకులో అన్నానికి చోటు చేసి, ఎదురు చూసింది.